ప్రమాదకరముగా వాహనము నడుపువానిని గూర్చి ఫిర్యాదు చేయవలెనా?

తెల్లవారుజామున ఐదున్నర గంటల వేళ. మిరప కోతలకు పోవు కూలీలు ఊరిమధ్య రావిచెట్టు క్రింద సద్దిగిన్నెలతో నిలిచియున్నారు. ట్రాక్టరు వచ్చినది. వెనుకనున్న ట్రక్కులో ముప్పదిమంది ఎక్కిరి. ఇంజనుకు ఇరుప్రక్కల మడ్‌గార్డులపై మరి నలుగురు కూర్చుండిరి. డ్రైవరు చెవికి ఫోను ఆనించుకొని, ఒక చేతితో స్టీరింగు త్రిప్పుచు బండిని కాలువకట్టమీదికి ఎక్కించెను. పాలకేంద్రమునకు పోవుచున్న వార్డుసభ్యుడొకరు దీనిని చూచిరి. డ్రైవరు ఆయనకు మేనల్లుని వరుస. ట్రాక్టరు యజమాని గడచిన ఎన్నికలలో ఆయన కొరకు ఇంటింటికి తిరిగినవాడు. ట్రక్కులోనివారిలో పదిమంది ఆయన వార్డులోని స్త్రీలే. ఒక్కదినపు కూలి పోయినను వారి ఇంట ఇబ్బంది తప్పదు. ఆయన ఏమి చేయవలెను?

ఇది ఏ ఒక్క గ్రామమునకో చెందిన దృశ్యము కాదు. నాట్లకాలమున, కోతలకాలమున మన జిల్లాలలో ఏ కాలువకట్టపై నిలిచినను కంటబడునదే. దాని పర్యవసానము ఎట్లుండగలదో కూడ మనమెరుగుదుము. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములోని వేములకొండవద్ద పొలముపనికి కూలీలను తీసికొనిపోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది మరణించిరి. వారిలో దాదాపు అందరును స్త్రీలే. అదే సంవత్సరము ఏప్రిల్ మాసమున నల్లగొండ జిల్లాలో మరియొక ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది కూలీలు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి దుర్ఘటనలకు ముందు దినములలో కూడ బండ్లు అట్లే నడచుచుండును. చూచువారు చూచుచునే యుందురు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ లెక్కలను బట్టి 2022 సంవత్సరమున దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు సుమారు 462 మంది. ఈ మరణములలో నూటికి సుమారు 68 గ్రామీణ ప్రాంతములలో సంభవించినవే. రోడ్డు ప్రమాదములనగానే పట్టణములు తలపునకు వచ్చుట మనకు అలవాటు. కాని లెక్కలు గ్రామములవైపే వ్రేలు చూపుచున్నవి.

హత్య, దోపిడి వంటి కొన్ని ఘోరనేరములు జరిగినట్లు గాని, జరుగబోవుచున్నట్లు గాని తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరవలెనని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షను విధించుచున్నది. ప్రమాదకరముగా వాహనము నడుపుట ఆ పట్టికలో చేరలేదు. చూచి ఊరకున్న వ్యక్తిని చట్టము శిక్షింపదు. చెప్పుటయో మానుటయో అతని విచక్షణకే విడువబడినది. కావుననే వార్డుసభ్యుని ముందు ఈ ప్రశ్న నిలిచినది.

ఆ విచక్షణను ఉపయోగించుటకు ముందు ఒక అపోహను తొలగించుకొనవలెను. ప్రమాదము జరిగి ఎవరైన గాయపడిన పిదపనే కేసు, అంతవరకు పోలీసులకు చెప్పదగినది ఏమియు లేదని పలువురి నమ్మకము. అది సరికాదు. 1988 మోటారు వాహనముల చట్టములోని 184వ సెక్షనును 2019 సంవత్సరమున సవరించిరి. ప్రజలకు ప్రమాదము కలుగునట్లు నడుపుటయే గాక, వాహనములో కూర్చున్నవారికి, రోడ్డుపై పోవువారికి, రోడ్డు ప్రక్కన నున్నవారికి భయాందోళనలు కలుగునట్లు నడుపుట కూడ ఇపుడు నేరమే. ఎవరికిని గీతయైన పడనక్కరలేదు. నడుపుచు ఫోను చేతబట్టుట, ఎదురుదారిన పోవుట, నిబంధనలకు విరుద్ధముగా ఇతర వాహనములను దాటుట ఈ సెక్షను క్రిందికే వచ్చును. మొదటి తప్పుకు ఆరుమాసములకు తక్కువగాక ఒక సంవత్సరమువరకు ఖైదు, లేదా రూ. 1,000 మొదలు రూ. 5,000 వరకు జుల్మానా, లేదా రెండును. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో 185వ సెక్షను క్రింద మొదటి తప్పుకు రూ. 10,000 జుల్మానాగాని, ఆరుమాసములవరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును. ఇవిగాక భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షను కలదు. నిర్లక్ష్యముగా, దుడుకుగా నడుపుట అనునది పోలీసులు స్వయముగా చేపట్టదగిన నేరమని ఆ సెక్షనును బట్టి గ్రహింపవలెను.

వాహనములో కూర్చున్నవారి భయమును చట్టము గుర్తించుట చిన్న విషయము కాదు. మన పంచాయతీలలోని మహిళా సభ్యులలో కొందరు స్వయముగా ఆ ట్రక్కులలో కూలికి పోవువారే. ట్రక్కులోనుండి "నాకు భయముగా నున్నది, మెల్లగా నడుపు" అని చెప్పిన స్త్రీ మాటకు ఇపుడు చట్టములో స్థానమున్నది.

ఇక మనవారు ఊరకుండుటకు చెప్పుకొను కారణములు చూతము. అందు మొదటిది, "వాని పొట్ట కొట్టిన పాపము మనకేల?" అనునది. దీనిని తేలికగా తోసివేయరాదు. అప్పుచేసి ఆటో కొన్నవానికి, దినకూలికి ట్రాక్టరు నడుపువానికి రెండువేల రూపాయల జుల్మానా కూడ భారమే; లైసెన్సు నిలుపుదలయైనచో ఇల్లు గడువదు. అయితే రెండవప్రక్క కూడ చూడవలెను. నిర్లక్ష్యమువలన ఒకరు మరణించినచో న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద ఐదు సంవత్సరములవరకు ఖైదు పడవచ్చును. పాత శిక్షాస్మృతిలో ఇది రెండు సంవత్సరములే. 2024 జూలై 1వ తేదీనుండి పెరిగినది. ముందుగా పడిన ఒక జుల్మానా ఆ డ్రైవరును జైలునుండి తప్పించిన ఉపకారమే కావచ్చును. ఉపకారమని అతడు ఆ దినమున తలపోయడు, తిట్టును. ఆ తిట్టు పడుటకు సిద్ధపడియే చెప్పవలెను.

రెండవది కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చునను భయము. ప్రమాదము జరిగినచోట గాయపడినవారిని ఆదుకొన్నవారికి ఈ భయము అనవసరము. మోటారు వాహనముల చట్టములోని 134ఎ సెక్షను, 2020 సెప్టెంబరులో వెలువడిన నియమములు అట్టివారికి రక్షణ కల్పించినవి. పేరు, చిరునామా చెప్పుమని వారిని నిర్బంధింపరాదు. తమంతట తాము సాక్ష్యము చెప్పుటకు ఇష్టపడినచో వారికి అనుకూలమైన వేళ, అనుకూలమైన తావున పోలీసులే విచారింపవలెను. ప్రమాదమునకు ముందే ఫోను చేసి తెలిపినవారి సంగతి కొంత వేరు. కంట్రోలు రూమునకు తెలిపినంతనే సామాన్యముగా వారి పని ముగియును. కాని డ్రైవరు నేరమును కాదని కోర్టుకు పోయినచో చూచిన సాక్షి అవసరము కలుగవచ్చును. ఈ సంగతిని దాచి, ఏ శ్రమయు ఉండదని చెప్పుట సరికాదు.

మూడవ కారణము, ఎవరును పైకి చెప్పనిది: బంధుత్వము, వోట్లు. దీనికి సర్కారు పత్రికలో సమాధానము వ్రాయుట కష్టమే. ఒక్కటి మాత్రము గుర్తుచేయవచ్చును. ట్రక్కులోని ముప్పదిమంది కూడ వోటర్లే.

అయితే చూచిన ప్రతి తప్పునకును పోలీసుస్టేషనుకు పరుగెత్తవలెనా? అక్కరలేదు. మూడు సంగతులు చూచుకొన్నచో చాలవరకు దారి తెలియును. అపాయము ఇప్పుడే, ఈ నిమిషముననే ఉన్నదా? అపాయములో నున్నవారు తమంతట తాము తప్పుకొనగలరా? ఇది ఒకనాటి పొరపాటా, నిత్యపు అలవాటా? త్రాగి తూలుచు లారీ ఎక్కినవానికి నచ్చజెప్పుచు కూర్చుండుట తెలివితక్కువ. అప్పుడు వెంటనే ఫోను చేయవలెను, తాళము చెవి తీసికొనుటకు వీలున్నచో తీసికొనవలెను. బడిపిల్లలను ఎక్కించుకొని దుడుకుగా నడుపువాని విషయము కూడ ఇట్టిదే. పిల్లలు దిగిపోలేరు, ఇంటివద్ద చెప్పుటకును భయపడుదురు. వారి పక్షమున పెద్దలే మాటలాడవలెను. తనంతట తాను ఒంటరిగా హెల్మెటు లేకుండ పొలమునకు పోవు రైతును గూర్చి ఫిర్యాదు వ్రాయుటకన్న, దారిలో ఆపి నాలుగు మాటలు చెప్పుట మేలు. తెలిసినవాడు, త్రాగనివాడు, అలవాటుగా తప్పు చేయుచున్నవాడు ఒకడున్నచో మొదట ముఖాముఖి చెప్పుట, వినకున్న యజమానికి చెప్పుట, అప్పటికిని మారకున్న పోలీసులకు తెలుపుట అను క్రమము మన గ్రామములకు తగియున్నది. ఈ క్రమమునకు గడువు మాత్రము ఉండవలెను. నెలల తరబడి నచ్చజెప్పుట ఊరకుండుటకు మరియొక పేరు.

ఊరివాడు కాని డ్రైవరు విషయమున నచ్చజెప్పుటకు అవకాశమే లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక గ్రామసభకు పోవుచుండగా ఇసుక టిప్పరొకటి మా జీపును మలుపులో దాటి, ఎదురుగా వచ్చుచున్న మోటారుసైకిలును రోడ్డు దింపి సాగిపోయెను. మోటారుసైకిలుపై భార్యాభర్తలు, ఒడిలో బిడ్డ. అదృష్టవశమున వారు పొదలలో ఆగిరి. టిప్పరు నంబరు చేతిపై వ్రాసుకొంటిని. సభకు వేళ మించుచున్నదని, తరువాత ఫోను చేయవచ్చునని అనుకొంటిని. సభ ముగియుసరికి చెమటకు రెండంకెలు చెరిగిపోయినవి. ఆ టిప్పరు ఆనాడు ఇంకెవరినైన ఢీకొన్నదో లేదో నాకు తెలియదు. రోడ్డు భద్రతను గూర్చి ఉపన్యసించుటకే ఆనాటి సభకు పోయితినని చెప్పుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది.

అందుచేత చెప్పవలసినదేమనగా, దారిన పోవు వాహనమును గూర్చి తెలుపునపుడు వేళకు మించిన విలువ దేనికిని లేదు. అత్యవసరమునకు 112, జాతీయ రహదారిపైనైనచో 1033 సంఖ్యకు ఫోను చేయవచ్చును. వాహనము నంబరు, రకము, రంగు, ఏ ఊరు దాటి ఏ ఊరివైపు పోవుచున్నది, మీరు చూచినది ఏమి – ఇంతే చెప్పవలెను. కిలోమీటరు రాయి కనబడినచో దానిపై అంకె చెప్పుట మరింత ఉపయోగకరము. "చాల ఘోరముగా నడుపుచున్నాడు" అన్నచో గస్తీ పోలీసులకు ఏమియు తెలియదు. "రెండుసార్లు రోడ్డు కుడిప్రక్కకు వచ్చినాడు, రాత్రివేళ దీపము లేదు" అన్నచో తెలియును. మీరే బండి నడుపుచున్నచో ప్రక్కన ఆపి మాత్రమే ఫోను చేయవలెను. వెంటబడి తరుముట, ఫోటో తీయుటకై ప్రక్కకు చేరుట వలదు. డ్రైవరు ఎవరో మీకు తెలియనక్కరలేదు. ఆ సమయమున నడిపినవాని వివరములు పోలీసులు అడిగినపుడు తెలుపవలసిన బాధ్యత వాహన యజమానిపై నున్నది.

నంబరు వ్రాసుకొనుట యొక్క విలువ ప్రమాదము జరిగినపుడు మరింత తెలియును. ఢీకొని పారిపోయిన వాహనమేదో తేలనిచో, మృతుని కుటుంబమునకు రెండు లక్షల రూపాయలు, తీవ్రముగా గాయపడినవారికి 50,000 రూపాయలు నిర్ణీతమైన పరిహారము. 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి ఇది అమలులో నున్నది. వాహనము తెలిసి, దానికి బీమా ఉన్నచో ఆ కుటుంబము ట్రిబ్యునలునందు దావా వేయవచ్చును. మృతుని వయస్సు, సంపాదన, అతనిపై ఆధారపడినవారి సంఖ్యను చూచి పరిహారము నిర్ణయింతురు. అది సామాన్యముగా రెండు లక్షలను ఎంతో మించియుండును. రోడ్డు ప్రక్కన టీ కొట్టువద్ద కూర్చున్న ఒకడు నాలుగంకెలు గుర్తుంచుకొనుటవలన ఒక వితంతువు పిల్లల చదువు నిలువవచ్చును.

డ్రైవరును పట్టుకొని కొట్టుట మన ప్రాంతములలో కొందరికి ఫిర్యాదుకన్న సులభముగా తోచుచున్నది. దీనివలన కలుగు నష్టము క్షతగాత్రులదే. ప్రమాదము చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యసహాయము అందునట్లు చూడవలెనని చట్టములోని 134వ సెక్షను చెప్పుచున్నది. గుంపు ఆగ్రహమువలన అది సాధ్యము కానపుడు మినహాయింపునిచ్చుట కూడ అదే సెక్షనులో నున్నది. అనగా రాళ్లు పట్టుకొన్న గుంపు డ్రైవరుకు పారిపోవుటకు ఒక సాకును చేతికందించుచున్నది. పంచాయతీ సభ్యుడు అచటనున్నచో మొదట 108కి ఫోను చేయించి, పిదప డ్రైవరును ఒకప్రక్క కూర్చుండబెట్టించి, పోలీసులు వచ్చువరకు నిలువవలెను.

ఇక గ్రామ పార్టీల సంగతి. ఫిర్యాదు అనునది ఇరువైపుల పదునున్న కత్తి. ఎదిరిపక్షమువాని ఆటోపై మాత్రమే పిటిషన్లు పోవుచు, మనపక్షమువాని ట్రాక్టరు యథేచ్ఛగా తిరుగుచున్నచో, ఆ పంచాయతీ మాటను పోలీసులు నమ్మరు, ప్రజలు నమ్మరు. ఒకనికి హాని కలిగించు ఉద్దేశముతో అధికారులకు అబద్ధపు సమాచారమిచ్చుట న్యాయ సంహిత 217వ సెక్షను క్రింద నేరము. ఒక సంవత్సరము ఖైదు, పదివేల రూపాయల జుల్మానా వరకు పోవచ్చును. కావున పిటిషనులో కంటితో చూచినది మాత్రమే వ్రాయవలెను. "వీడు నిత్యము త్రాగును" అనరాదు. "ఫలానా తేదీ, ఫలానా వేళ, ఫలానా చోట ఈ నంబరు బండి నడుపుచు తూలుచుండగా చూచితిని" అనవలెను. మనిషి గుణమును గూర్చి తీర్పు చెప్పు పని మనది కాదు.

మన ఇంటి మాట కూడ ఒకటి యున్నది. పదునాలుగు, పదునైదు ఏండ్ల పిల్లలు మోటారుసైకిళ్లపై ఊరంతయు తిరుగుట చూచి ముచ్చటపడు తండ్రులలో పంచాయతీ సభ్యులు లేకపోలేదు. 199ఎ సెక్షను ప్రకారము మైనరు చేసిన తప్పుకు తండ్రిగాని, సంరక్షకుడుగాని, వాహన యజమానిగాని దోషి యగును. మూడు సంవత్సరములవరకు ఖైదు, రూ. 25,000 జుల్మానా, పండ్రెండు మాసములు రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. ఇతరుల బండ్లను గూర్చి నోరు విప్పుటకు ముందు ఇంటి ముంగిటనున్న బండి తాళముచెవి ఎవరి జేబులో నున్నదో చూచుకొనవలెను. రోడ్డుపై వడ్లు ఆరబోసి రాత్రి రాళ్లు అడ్డుపెట్టువారు, ఎర్రదీపమైన లేకుండ ట్రక్కును రోడ్డుపై నిలుపువారు కూడ మనవారే గదా.

ఇప్పుడు కాలువకట్టవద్ద నిలిచిన వార్డుసభ్యుని వద్దకు వత్తము. ఆయన బండినాపి అల్లుని మందలించినచో రాగల సమాధానము మనకు తెలిసినదే: "ఏం గాదు మామా, రోజు పోయే బాటే గద." అంతటితో వదలరాదు. ఫోను జేబులో పెట్టించవలెను. మడ్‌గార్డులపైనున్న నలుగురిని దింపించవలెను. కట్టదిగి రోడ్డుమీదుగా పొమ్మనవలెను. అల్లుడు వినక ముందుకు సాగినచో అప్పటికప్పుడే 112కి ఫోను చేయుట తప్ప వేరు దారి లేదు. ముప్పదిమంది కదలుచున్న ట్రక్కునుండి దిగలేరు. వినినచో, ఆ సాయంకాలము యజమాని ఇంటికి పోవలెను. ఆయనకు బంధుత్వముకన్న బీమా మాట త్వరగా తలకెక్కును. వ్యవసాయమునకై బీమా చేసిన ట్రాక్టరు ట్రక్కులో మనుష్యులను ఎక్కించినచో వారి ప్రాణములకు బీమా కంపెనీ సామాన్యముగా బాధ్యత వహింపదు. ఒక్కొక్కప్పుడు న్యాయస్థానములు కంపెనీని ముందు చెల్లించి యజమానినుండి రాబట్టుకొనుమని చెప్పినను, చివరకు ఆ భారము యజమాని పొలముపైననే పడును. పదిమంది కూలీల పరిహారమునకు ఎన్ని ఎకరములు అమ్మవలసివచ్చునో ఆయననే లెక్కవేయుమనవలెను.

దీనితో కూలీల ప్రశ్న తీరలేదు. ట్రాక్టరు ఆగినచో వారు ఐదు మైళ్లు నడచిపోలేరు. ఈ సంగతిని విస్మరించి ఫిర్యాదు చేసిన సభ్యుడు వారి దృష్టిలో విరోధి యగును, అందులో తప్పును లేదు. కావున పంచాయతీ ప్రయాణపు ఏర్పాటును కూడ ఆలోచింపవలెను. కోతల మాసములలో తెల్లవారుజామున ఒక బస్సు నడుపుమని తీర్మానము చేసి ఆర్.టి.సి. డిపో మేనేజరుకు పంపవచ్చును. బస్సుపోని దారియైనచో, కూలీలను పిలుచు రైతులు సీట్లకు మించకుండ ఆటోలను రెండు విడతలుగా నడిపించి, ఆ ఖర్చును తమలో తాము పంచుకొనవచ్చును. ముఠామేస్త్రి అంగీకారము లేనిదే ఇది సాగదు. ఎవరు ఏ బండి ఎక్కవలెనో నిర్ణయించువాడు అతడే.

గడువు దాటినను మార్పు రానిచో, వార్డుసభ్యుడు తేదీ, వేళ, బండి నంబరు, చూచిన సంగతి వ్రాసి, తాను ఎవరెవరితో ఎప్పుడెప్పుడు మాటలాడినదియు చేర్చి పోలీసుస్టేషనులో ఇచ్చి రసీదు తీసికొనవలెను. ఒక ప్రతి పంచాయతీ కార్యాలయములో నుంచవలెను. స్టేషనులో స్వీకరింపనిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలా ద్వారా పంపుటకు చట్టము వీలు కల్పించినది. ముఠామేస్త్రితో, రైతులతో మాటలాడుటకు మాత్రము కోతలు మొదలగుటకు ముందటి వారమే అనువైనది. కోతలు సాగుచుండగా వినుటకు ఎవరికిని తీరిక ఉండదు.